పండగ నాటి తిట్లు

“అక్కా, ఆ మనిషి సినిమా చూడట్లేదు.”

చిన్నారి చెల్లెలు జనా గుసగుసగా చెప్పేసరికి నెర్మీన్ అటు తిరిగి చూసింది.

నిజమే. ఆఖరి వరసలో తమ పక్కనే, గోడవారగా కూర్చున్న ఆ మఫ్లర్ మనిషి తెర వైపు చూడటం లేదు. చీకట్లో జనం మొహాలు చూస్తున్నాడు.

ఈద్ రెండో రోజు, మధ్యాహ్నం ఆట. అలెగ్జాండ్రియా కుర్రకారంతా ఆ హాల్లోనే ఉన్నట్టుంది. పండగకి వచ్చిన కొత్త సినిమా ‘కోట కాపరి’. అందులో రెక్కలున్న వీరుడొకడు, వాడికి మూడు చెరువుల నీళ్లు తాగించే విలన్ ఒకడు. విలన్ పేరు మసిదొర. మొదటినుంచి చివరిదాకా వాడి మొహానికి నల్ల ముసుగే. లోపలున్న నటుడెవరో సినిమా వాళ్లు బయటపెట్టలేదు. ఊళ్లో దాని మీద పందేలు నడుస్తున్నాయి.

మసిదొర తెర మీదికొస్తే చాలు, హాలు దద్దరిల్లిపోతోంది.

“నీ కొంప కూలా!”

“ముసుగు తియ్యరా, పిరికి సన్నాసీ!”

ఒక్కో తిట్టుకీ పక్కనున్న మనిషి తనలో తాను నవ్వుకుంటున్నాడు. అదేం నవ్వో, తల్లీ!

నెర్మీన్ జనాను దగ్గరికి లాక్కుంది. గడప దాటేటప్పుడు అమ్మ అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. “పండగ రద్దీ. పిల్ల చెయ్యి వదిలావో, ఇంటికి రాకు.” ట్రామ్ స్టేషన్ దగ్గర ఎవరి పిల్లో మాయమైందని నాలుగు రోజులుగా ఒకటే పుకారు.

సీటు మారదామంటే ఎక్కడా ఖాళీ లేదు.

తెర మీద మసిదొర బొంగురు గొంతుతో “నిప్పు! నిప్పు!” అని అరిచాడు. నిప్పూ లేదు, నివురూ లేదు. ఉత్తుత్తి అరుపుతో సంతలో జనాన్ని బెదరగొట్టి, తొక్కిసలాట పెట్టడం వాడి ఎత్తు. రెండు రోజుల్లోనే ఆ అరుపు ఊరందరికీ ఆట అయిపోయింది. హాల్లో కుర్రాళ్లు కూడా గొంతు బొంగురు చేసుకుని “నిప్పు! నిప్పు!” అని అందుకున్నారు.

మఫ్లర్ మనిషి మాత్రం ఈసారి నవ్వలేదు. గోడకు అరచెయ్యి ఆనించి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. గాలి వాసన చూశాడు. లేచి, జనా మీదుగా వంగి, వెనక గోడను కూడా తడిమాడు.

“ఏంటి బాబాయ్? ఏం కావాలి మీకు?” నెర్మీన్ జనాకు చెయ్యి అడ్డం పెట్టింది.

అతను నడిమి దారిలోకి వెళ్లి నిలబడ్డాడు.

“నిప్పు! గోడ కాలుతోంది! అందరూ బయటికి!”

హాలంతా ఈలలు.

“ఒరేయ్, వీడు అందర్లోకీ బాగా చేశాడ్రా!”

“మళ్లీ అను మామా, మళ్లీ!”

“ఆట కాదు! నిజంగానే చెబుతున్నా, లేవండి!”

“కూర్చో మామా, తెర కనపడి చావట్లేదు!”

అతను హాలంతా ఒకసారి కలయజూశాడు. తరవాత జనా వైపు తిరిగాడు. ఆ చూపుకి నెర్మీన్ పై ప్రాణాలు పైనే పోయాయి.

ఒక్క ఉదుటున వచ్చి, పిల్లను భుజాన వేసుకుని పరుగు తీశాడు.

“దొంగ! నా చెల్లెల్ని ఎత్తుకుపోతున్నాడు! పట్టుకోండి!”

హాలు లేచింది. కొట్టేవాళ్లు ముందు, తిట్టేవాళ్లు వెనక, వేడుక చూసేవాళ్లు వాళ్ల వెనక. చంటిపిల్లల తల్లులు కూడా ఆగలేదు. టికెట్లు చింపేవాడు సైతం పరిగెత్తాడు.

అతను మెట్లు దిగాడు. వీధి దాటాడు. ట్రాము పట్టాలు దాటాక పిల్లను మెల్లిగా కిందికి దింపి, అక్కడే నిలబడ్డాడు. పారిపోలేదు. ఎందుకు పారిపోలేదో ఆలోచించే తీరిక ఎవరికుంది?

మొదటి దెబ్బ నెర్మీన్‌దే. చెప్పు తీసి మొహం మీద కొట్టింది. ఆ తరవాత ఎవరు ఎక్కడ కొట్టారో దేవుడికే తెలియాలి.

“మా ఊళ్లో పిల్లల్ని ఎత్తుకుపోతావుట్రా!”

అప్పుడు ధనేల్‌మని చప్పుడైంది.

అందరూ వెనక్కి తిరిగారు. హాలు పక్కనున్న రంగుల గోదాము భగ్గున మండుతోంది. ఆఖరి వరస మీదికి గోడ కూలి, తలుపుల్లోంచి నల్లటి పొగ తన్నుకొస్తోంది.

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. నిప్పంటే నవ్విన జనం దొంగంటే బయటికొచ్చారు. లోపల ఒక్క ప్రాణి లేదు.

నెర్మీన్ కూలబడి, నెత్తురోడుతున్న ఆ తలను ఒళ్లోకి తీసుకుంది. వెక్కివెక్కి ఏడ్చింది.

“నన్ను చూసి భయపడ్డావా, తల్లీ?” అన్నాడు అతను.

“చచ్చేంత భయపడ్డాను బాబాయ్.”

“నిజంగానే?”

“నిజంగానే.”

చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆ మాటతోనే స్పృహ తప్పాడు.

సాయంత్రం ఆసుపత్రిలో ప్రాణం పోయింది. అక్కడే కూర్చున్న నెర్మీన్ దగ్గరికి అతని చెల్లెలొకామె వచ్చింది.

“మా అన్న పేరు వగ్దీ. జీవితమంతా సినిమాల్లో టీ అందించే వేషాలే వేశాడు, ఎవరూ మొహం కూడా గుర్తుపెట్టుకోలేదు,” అంది కళ్లు తుడుచుకుంటూ. “జనం ఎలా తిడుతున్నారో విని వస్తానే, నాకదే ఈదీ, నా పండగ కానుక అని పొద్దున మురిసిపోతూ బయల్దేరాడు.”

“ఎవర్ని తిడితే వినడానికి?” అడిగింది నెర్మీన్, ఏమీ అర్థంకాక.

ఆమె కిటికీలోంచి ఎదురుగోడ వైపు చెయ్యి చూపించింది. అక్కడ ‘కోట కాపరి’ పోస్టర్‌లో, నల్ల ముసుగులోంచి మసిదొర నెర్మీన్ వైపే చూస్తున్నాడు.