మలర్‌కు అక్క లేదు

“ఆ బీగం తియ్యమ్మా. ఇంకో తాళంచెవి నీకాడ ఉండాదంట.”

పప్పు గరిటెతోనే తిలకవతి వాకిట్లోకి వచ్చింది. ఎవరో నలభై ఐదేళ్ల ఆడమనిషి. ఎదురింటి తలుపు వైపు వేలు చూపిస్తోంది.

“ఎవురు చెప్పినారు నీకు?”

“లోపలుండే పాపే. కిటికీలోంచి మీ ఇల్లు చూపించి, చేత్తో తాళం తిప్పినట్టు చేసింది.”

ఆ పాప మలర్. చెవులు వినపడవు, మాట రాదు. ఆమె మొగుడు సెల్వరాజ్ తట్టాంచావడిలో లేత్ పనికి పోతూ రోజూ బయట తాళం వేస్తాడు. అవసరానికని ఇంకో చెవి తిలకవతి దగ్గర ఉంచాడు. అదంతా పెళ్లాం క్షేమం కోసమేనని ఇందిరా నగర్‌లో ఆ వీధి వీధంతా మెచ్చుకుంది. కేక వినిపించలేదు కాబట్టి కాపురం చల్లగా ఉందని తేల్చేసింది. నోరు లేని పిల్ల ఏమని కేకేస్తుంది? పెదవి చిట్లిన రోజు బాత్రూంలో పడిందన్నాడు, నమ్మారు. చెయ్యి విరిగిన రోజూ బాత్రూమే అన్నాడు, అదీ నమ్మారు. ఎన్నిసార్లు పడుతుందమ్మా ఒక మనిషి ఒకే బాత్రూంలో!

“బీగం తీసి ఏం చేస్తావు?”

“తీస్కపోతా. వీపు చూపించింది నాకు. వాడొచ్చే లోపల పోవాల.”

“నువ్వేం కావాల ఆమెకు?”

ఆ మనిషి ఒక్క క్షణం తడబడింది.

“అక్కను.”

తిలకవతికి ఒళ్లు మండింది. మలర్ తల్లి పోయిన ఏడు చనిపోయే ముందు తన చేతులు పట్టుకునే చెప్పింది, ఒక్కతే బిడ్డ, కాస్త చూసుకోమని.

“దానికి యాడుండాది అక్క? ముందూ వెనకా ఎవురూ లేరు. ఆడోళ్లను ఎత్తకపోయే ముఠానా ఏంది? పోతావా, పోలీసుల్ని పిలవాలా?”

“వద్దులే తల్లీ, నేనే పోయి పోలీసుల్ని తీసుకొస్తా. అంతదాకా వాడికి మాత్రం చెప్పొద్దు. నీ కాళ్లకు మొక్కుతా.”

పరుగులాంటి నడకతో వీధి మలుపు తిరిగింది.

తిలకవతి ఫోన్ చేసింది. పోలీసులకు కాదు, సెల్వరాజ్‌కు.

“ఎవురో ఆడది వచ్చి మలర్‌కు అక్కనంటా ఉండాది, సెల్వం. తరిమేసినా.”

అటువైపు లేత్ మోత ఆగింది.

“మంచి పని చేసినారు అత్తా. ఇదో, వస్తా ఉండా.”

పావుగంటలో వచ్చాడు. తలుపు మూసుకున్నాడు. టీవీ గట్టిగా మోగింది. చెవిటి పెళ్లాం ఉన్న ఇంట్లో అంత సౌండ్ ఎవరి కోసమో తిలకవతి అడగలేదు. పప్పు అడుగంటుతోందని లోపలికి పోయింది.

కాసేపటికి ఎదురింటికి మళ్లీ తాళం పడింది. బైకు వెళ్లిపోయింది.

ఆ ఆడమనిషి ఎస్.ఐ. శివగామిని వెంటబెట్టుకుని వచ్చేసరికి టీవీ ఇంకా మోగుతూనే ఉంది. తిలకవతి ఇచ్చిన తాళంచెవితోనే తలుపు తీశారు.

గోరిమేడు పెద్దాసుపత్రిలో మలర్ ఒక పూట కూడా బతకలేదు. సెల్వరాజ్ బస్టాండులో దొరికాడు. ఆసుపత్రి వరండాలో వీధి జనమంతా చేరి, ఎంత మంచివాడనుకున్నామో అని బుగ్గలు నొక్కుకున్నారు. సిగ్గన్నా లేదు! తిలకవతి మాత్రం గోడ వారగా కూలబడింది. ఎవరైనా తనను తిడితే బాగుండుననిపించింది. ఎవరూ తిట్టలేదు.

శివగామి కాగితాలతో వచ్చింది.

“ఈ అమ్మాయి తరఫున ఎవరున్నారు?”

వీధిలో ఒక్కరూ కదల్లేదు. ఆ ఆడమనిషే ముందుకు వచ్చింది.

“పేరు?”

“అన్నమ్మాళ్.”

“తోడబుట్టినదానివా?”

“లేదు మేడం. ఆ సెల్వరాజ్ మొదట తాళి కట్టింది నాకే.”