జింకల చేను

వెండెల్ తుపాకీ పేల్చగానే నల్ల పెయ్య ముందుకాళ్ల మీద కూలబడింది. దాని నోట్లో సగం నమిలిన టర్నిప్ ఆకు ఇంకా వేలాడుతూనే ఉంది. మిగతా ఆవులు తోకలెత్తి ఓక్ చెట్ల మధ్య నుంచి పరుగు తీశాయి. పోతూ పోతూ మిగిలిన కాస్త పచ్చికనీ తొక్కి బురద చేశాయి.

అది జింకల కోసం వేసిన చేను. ఆర్కన్సా కొండల్లో, అడవి నడుమ, రాళ్లు ఏరి, సున్నం చల్లి, వెండెల్ ఒక్కడే పెంచుకున్న మేత. ఆ మేతకి జింకలు వస్తేనే చలికాలమంతా అతని పొయ్యి మీద మాంసం ఉడికేది. విల్లంబులతో జింకల్ని వేటాడే అనుమతి వచ్చే వారమే మొదలు. చేలో చూస్తే పేడ తప్ప ఏమీ లేదు.

తుపాకీ చప్పుడు విని పక్క పొలం డోయల్ ట్రాక్టర్ మీద వచ్చేశాడు. ఆవులు అతనివే. పడి ఉన్న పెయ్యను చూసి, ఇంజను ఆపకుండానే కిందికి దూకాడు.

"చంపేశావురా! చూలుతో ఉందిరా అది!"

"చూలుదైతే ఇంట్లో కట్టేసుకో. నా చేలోకి ఎందుకు తోలావు?"

"అడవి జంతువులకి మేత పెడతావు, పక్కింటివాడి పశువుకి గుండు పెడతావా? ఏం మనిషివిరా నువ్వు?"

"జింకలు కొసలు కొరుక్కుని పోతాయి. నీ గొడ్లు వేళ్లతో సహా పీకుతున్నాయి. నీకు మంచిగా చెప్పాను, తిట్టి చెప్పాను, షెరీఫ్ చేత చెప్పించాను. అయినా పొద్దున లేచి చూస్తే నీ గేటు బార్లా తెరిచే ఉంటుంది."

"ఆ గేటుకి నేనే గొలుసు వేస్తున్నాను. బైబిల్ మీద ఒట్టు!"

"అయితే ఆవులే విప్పుకుంటున్నాయన్నమాట. నీకంటే వాటికే బుర్ర ఎక్కువ."

"నువ్వే తీస్తున్నావు, ముసలి నక్కా! నన్ను కోర్టుకి ఈడ్చడానికి!"

"నా చేను మేపించుకోడానికి నీ గేటు నేను తీస్తానా? రాత్రి తాగింది ఇంకా దిగలేదా?"

డోయల్ మొహం కందగడ్డలా అయింది. ట్రాక్టర్ వెనకనున్న లాగుడు గొలుసు ఊడదీసి, ఒక కొస పట్టుకుని వెండెల్ మీదికి విసిరాడు. వెండెల్ చెవి పక్క చర్మం చీలిపోయింది. చేతిలోని తుపాకీ ఎగిరి పొదల్లో పడింది. రెండో దెబ్బ ఎడమ మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వెండెల్‌కి స్పష్టంగా వినిపించింది.

"పడుకో! నువ్వూ దాని పక్కనే పడుకో!" అని అరుస్తూ డోయల్ మళ్లీ గొలుసు తిప్పాడు.

ఈసారి వెండెల్ దాన్ని కుడిచేత్తో ఒడిసి పట్టుకుని గుంజాడు. డోయల్ తూలి చచ్చిన పెయ్య మీద బోర్లా పడ్డాడు. అతని మీదికి వెండెల్ ఎగబడ్డాడు. ఇద్దరూ నెత్తుట్లో, పేడలో దొర్లారు. డోయల్ బొటనవేలు వెండెల్ కంట్లోకి దిగబోయింది. వెండెల్ ఆ వేలిని పళ్ల మధ్య ఇరికించి కసుక్కున కొరికాడు. డోయల్ కేక పెట్టి పక్కకి దొర్లాడు. ఆవులు తొక్కి పడేసిన కంచె దగ్గర ఇనుప గుంజ ఒకటి వెండెల్ చేతికి తగిలింది.

మొదటి దెబ్బకి డోయల్ మోకాలు పక్కకి తిరిగిపోయింది.

"చాలు," అన్నాడు డోయల్, చేయి అడ్డం పెట్టుకుని. "చాలురా, వెండెల్. చాలు."

ఆ మాట వెండెల్‌కి వినపడింది. వినపడినా కొట్టాడు. దవడ మీద ఒకటి, తల మీద ఇంకొకటి.

డోయల్ ఇక కదల్లేదు.

వెండెల్ చేతిలోంచి గుంజ జారిపోయింది. అప్పుడు గానీ అతనికి ఒళ్లు తెలియలేదు. డోయల్ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. 'గడ్డికోసం,' అనుకున్నాడు. 'ఇంత గడ్డికోసం మనిషిని కొట్టాను.' ఒంటి చేత్తో చొక్కా విప్పి డోయల్ తలకి అదిమి పట్టాడు. గుడ్డ చూస్తూండగానే తడిసి ముద్దయింది.

డోయల్ భార్య నాడీన్ గేటు వైపు నుంచి వస్తూ కనిపించింది.

"నాడీన్! అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి! పరుగెత్తు! నేనే... నేనే కొట్టాను, దేవుడు నన్ను క్షమించడు, ముందు ఫోన్ చెయ్యి!"

ఆమె పరుగెత్తలేదు. అరవలేదు. మామూలుగా నడిచి వచ్చి, మొగుడి పక్కన కూర్చుని, అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. తర్వాత మెడకి చుట్టుకున్న గుడ్డ విప్పింది. గాయానికి కట్టు కడుతుందేమోనని వెండెల్ జరిగి చోటిచ్చాడు. కట్టలేదు. ఆమె గొంతు చుట్టూ అయిదు వేళ్ల అచ్చులున్నాయి. కొన్ని పాతబడి పసుపు తిరిగాయి. కొన్ని నిన్నటివేమో, నీలంగా ఉబ్బి ఉన్నాయి.

"లేస్తాడా?" అని అడిగింది.

"లేస్తాడు, నాడీన్. ఊపిరుంది, తప్పకుండా లేస్తాడు. త్వరగా ఎవరినన్నా పిలువు!"

ఆమె బురదలోంచి ఇనుప గుంజ తీసి, చేతులతో శుభ్రంగా తుడిచి, వెండెల్ చేతిలో పెట్టింది.

"రోజూ పొద్దున్నే లేచి నేను ఆ గేటు తీసింది ఇంతమాత్రానికేనా, వెండెల్?"