దొరగారి ఎర్ర కారు

“ఏటండీ ఇది? డాల్డా గిన్నెలో ఉన్నాది, డబ్బా ఏదీ?”

వంటింట్లోంచి రామలక్ష్మమ్మ కేకేసింది.

వరండాలో గురునాథరావు తలెత్తలేదు.

“బానెట్ అయిపోయిందే!” అన్నాడు సంతోషంగా.

అతను పోర్టు ఆఫీసులో గుమాస్తా. ఇంటికి రాగానే కత్తెర, ఆకురాయి, టంకం ముందేసుకుని కూర్చుంటాడు. డబ్బా రేకులు, సన్నటి ఇనప తీగ, అరిగిన హవాయి చెప్పుల రబ్బరు. వాటితోనే మూరెడు పొడుగున ఎర్ర స్పోర్ట్స్ కారు తయారవుతోంది. టాపు లేదు. రెండే సీట్లు. చక్రాలకి తీగతో పుల్లలు కూడా అల్లాడు.

పక్క వాటాలో ఉండే బట్టల కొట్టు రహమాన్ రోజూ వచ్చి చూసిపోతాడు.

“బావా, పెట్రోలు ఎంత తాగుతాదేటి?”

“నువ్వు తాగే టీ కంటే తక్కువే బావా.”

అన్నీ కుదిరాయి గాని సీట్లే కుదరడం లేదు. రెక్సిన్ మందం. ఎలా కుట్టినా ఉప్పు బస్తాల్లా ఉబ్బిపోతున్నాయి.

“ఇలా ఇయ్యి బాబూ, నాను కుడతాను.”

గుమ్మంలో నల్ల బురఖా, పైకెత్తిన ముసుగు కింద నవ్వు మొహం.

రహమాన్‌కి మొన్ననే పెళ్లయింది. పెళ్లికూతురు షబానాకి తోడుగా వచ్చిన మేనత్త ఆవిడ. పేరు చాంద్ సుల్తానా. కలకత్తాలో కూతురి దగ్గర ఉంటోంది.

ఆవిడ తన పాత తోలు సంచి లోపలి పొర కత్తిరించింది. సాయంత్రానికి రెండు సీట్లూ తెచ్చింది. చీమల బారులాంటి కుట్టు. కారులో పెడితే అతికినట్టు కూర్చున్నాయి.

డ్రైవరు సీటు మీద మాత్రం ఒక బుల్లి దిండు.

“ఇదేటమ్మా?”

“ఎత్తు సాలాలి గదా బాబూ. లేపోతే రోడ్డు కనపడదు.”

గురునాథరావు పకపకా నవ్వాడు.

“ఆ దొర ఆరడుగుల మనిషమ్మా! దిండెందుకు?”

“ఏ దొర?”

అతను ఆకురాయి పక్కన పెట్టాడు. ఈ సంగతి చెప్పమంటే అతనికి అన్నం కూడా అక్కర్లేదు.

“నా ఎస్సెల్సీ పరీక్ష నాడు ఆనందపురం జంక్షన్లో బస్సు సెడిపోయింది. ఏడుసుకుంటా నడస్తన్నాను. తగరపువలస వైపు నుంచి ఎర్ర కారొచ్చి ఆగింది. దొర! కోటు, టోపీ, సగం మొహానికి కళ్లజోడు. ఎక్కమని సెయ్యూపినాడు. గాల్లో ఎగిరినట్టే తీసుకొచ్చి పట్నంలో పరీక్ష హాలు కాడ దించీసినాడు. ఆయనే లేపోతే నాను ఈయేల మా ఊర్లో నాగలి పట్టుకునుందును.”

“పరీక్ష పాసయ్యావా మరి?”

“ఫస్టు క్లాసు! తర్వాత బీయే కూడా. మా వంశంలో నానే మొదలు.”

“యా అల్లా!” అంటూ ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

కన్నకొడుకు ఈ రోజే పాసైనట్టు మురిసిపోతున్న ఆవిణ్ణి చూసి రామలక్ష్మమ్మకి నవ్వొచ్చింది.

“ఆ దొర కనబడితే ఏటి సేస్తావు బాబూ?”

“ఈ బండి తొలి నడక ఆయన సేత్తోనే నడిపిత్తాను. అందుకే గదా సేత్తన్నాను! కనబడ్డోళ్లనల్లా అడగతన్నాను, ఆయనెవరో ఎవరికీ తెలదు.”

“ఒకేళ ఆ మనిషి దొర కాదేమో...”

“మీకు తెలదమ్మా! ఆ దర్జా సూస్తే తెలిసిపోదా?”

అతను దిండు ఊడదీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

చాంద్ సుల్తానా దిండు గుప్పిట్లో దాచుకుని, తనలో తనే నవ్వుకుంది.

దసరా వచ్చింది. రామలక్ష్మమ్మ కారుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. కొత్త బండి నిమ్మకాయలు తొక్కాలి కదా! నిమ్మకాయ పెడితే దాని వెనక చక్రమే కనపడలేదు. పెరట్లోకి వెళ్లి నాలుగు బచ్చలి పళ్లు తెంపుకొచ్చి చక్రాల కింద పెట్టింది.

“తొయ్యండి.”

గురునాథరావు చేతులు కట్టుకున్నాడు.

“నాను తొయ్యను. అది దొరగారి పని.”

“దొరలు పోయి ముప్పై ఏళ్లయిందండీ, మీకింకా కబురందలేదా?” అని రామలక్ష్మమ్మ పక్కకి తిరిగింది. “అమ్మా, మీరు పెద్దోరు. మీ సెయ్యి ఎయ్యండి.”

అతను వద్దనేలోపే చాంద్ సుల్తానా బురఖా చేతులు పైకి మడిచింది. “పాంయ్! పాంయ్!” అని నోటితోనే హారన్ కొట్టి కారుని ఒక్క తోపు తోసింది.

బచ్చలి పళ్లు చిట్లి గచ్చంతా ఊదారంగు చిమ్మింది. కారు సర్రున దూసుకుపోయి రహమాన్ కాళ్ల మధ్య నుంచి అవతలికి వెళ్లింది. రహమాన్ ఎగిరి గంతేశాడు. అందరూ ఒకటే నవ్వు. గురునాథరావు కూడా నవ్వేశాడు గాని, లోపల ఎక్కడో చివుక్కుమంది.

మర్నాడు పొద్దున్న మెయిలు రైల్లో ఆవిడ కలకత్తా వెళ్లిపోయింది.

సాయంత్రం షబానా సేమ్యా గిన్నెతో వచ్చింది.

“అన్నయ్యా, మొహం అలా పెట్టినారేటి?”

“ఏటీ లేదమ్మా. తొలి నడక దొరగారికని దాసుకున్నాను. అయిపోనాది.”

కొత్తమ్మాయికి ఆ కథ తెలియదు. మొదటి నుంచీ చెప్పాడు. వింటూ వింటూ షబానా కళ్లు పెద్దవి చేసింది.

“ఆ ఎర్ర కారు మా తాతది అన్నయ్యా! మాది భీమిలి గదా. ఎవరో దొర ఇంగ్లండు ఎల్లిపోతా అమ్మితే తాత కొన్నాడు. ఈ సుట్టుపక్కల అలాటిది అదొక్కటే.”

గురునాథరావు గభాలున లేచాడు.

“అయితే నన్ను ఎక్కించుకున్నది మీ తాతగారా?”

“తాతకి బండి నడపడమే రాదు!” షబానా కిసుక్కున నవ్వింది. “ఆడపిల్ల కారు నడిపితే ఊరు ఊరుకోదని, గొంతు ఇంటే గుట్టు తెలిసిపోతాదని నోరు మెదపకండా, తాత కోటూ టోపీ ఏసుకుని ఆ రోడ్డంతా తిరిగింది మా మేనత్తే అన్నయ్యా.”