ఒక్క మాట కూడా పోకూడదు

"కొట్లాట లేకుండా విడాకులేమిటయ్యా? ఇదేమన్నా కూరగాయల బేరమా?"

ప్లీడరు గారికి నిజంగానే ఒళ్ళు మండింది. ఎదురుగా కూర్చున్న లిఫ్టు మెకానిక్కూ, ఆసుపత్రిలో పనిచేసే అతని భార్య నర్సమ్మా ముఖముఖాలు చూసుకున్నారు. బల్లమీద వాళ్ళు తెచ్చిన నాలుగు కాగితాలున్నాయి. కూతురి రూళ్ళ నోటుపుస్తకంలోంచి చింపినవి. పదిహేను రోజులు వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని, ఒక్కో మాటా ఒప్పుకుని ఇద్దరూ రాసుకున్నవి.

ప్లీడరు గారు వాటిని రెండు వేళ్ళతో ఎత్తి, గట్టిగా చదివారు.

"బడి రోజుల్లో పాప అమ్మ దగ్గర, సెలవు రోజుల్లో నాన్న దగ్గర. అమ్మకి నైట్ డ్యూటీ పడిన వారం బడికి నాన్నే దింపాలి. జ్వరమొస్తే ఇద్దరూ రావాలి. మిక్సీ అమ్మది, చెడిపోతే బాగుచెయ్యడం నాన్న పని. పాప ముందు ఒకరినొకరు చులకన చెయ్యకూడదు." చదివి పకపకా నవ్వారు. "ఇంత మంచివాళ్ళు విడిపోవడం దేనికమ్మా?"

"కలిసుంటే మంచిగా ఉండలేకపోతున్నాం సార్," అంది నర్సమ్మ. "మాకు పోట్లాడే ఓపిక లేదు. పాపకి వినే ఓపిక అసలే లేదు. ఇది పద్ధతిగా టైపు కొట్టించి, ఇద్దరి తరఫునా ఒకే అర్జీ వెయ్యండి చాలు."

మూలనున్న కంప్యూటరు ముందు టైపిస్టు వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. టైపిస్టంటే ఎవరో కాదు, ప్లీడరు గారి భార్యే. పందొమ్మిదేళ్ళుగా ఆయన చెబుతుంటే ఆవిడ టైపు కొడుతోంది. ఆయన కీబోర్డు మీద వేలు పెట్టగా చూసినవాళ్ళు లేరు.

"ఆగావేం? కానియ్! ఈ గదిలో నేనన్నది ఒక్క మాట కూడా పోకూడదని ఎన్నిసార్లు చెప్పాలి?" అని ఆవిడ మీద విరుచుకుపడి, వచ్చినవాళ్ళతో "దానికి అదొక్కటే వచ్చులెండి. బుర్ర సున్నా," అన్నారు.

వచ్చినవాళ్ళు సిగ్గుతో తల దించుకున్నారు. ఆవిడ దించలేదు. టైపు కొడుతూనే ఉంది.

ఆ తర్వాత ఆయన చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ముందు మెకానిక్కుని గుర్తింపు కార్డు జిరాక్సు తెమ్మని కిందికి పంపారు. అతను గడప దాటాడో లేదో, కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"అమ్మా, లోకం చూసినవాణ్ణి చెబుతున్నా. పిల్లని ఇంత తేలిగ్గా వదులుకునే మగాడుంటాడా? వెనకాల ఇంకెవరో ఉండే ఉంటుంది."

నర్సమ్మ ముఖం పాలిపోయింది. మెకానిక్కు తిరిగి రాగానే అదే పని మీద ఆమెను పంపారు.

"ఏమయ్యా, నీ మంచితనం నిన్ను ముంచుతుంది. సంతకం పెట్టిన మర్నాడే ఆవిడ పిల్లతో ఊరు మార్చేస్తే ఏం చేస్తావ్? ఏడాది తిరిగేసరికి నీ కూతురు నిన్ను అంకుల్ అంటుంది!"

నర్సమ్మ లోపలికి అడుగు పెట్టడమే ఆలస్యం.

"ఎవరది? చెప్పు! పాపని ఎందుకు వదులుకుంటున్నావో ఇప్పుడర్థమైంది!" అని భర్తని నిలదీసింది.

"నేనా వదులుకునేది? పిల్లని తీసుకుని ఊరొదిలి పోదామనుకుంటున్నది నువ్వు! కుదరదు. పాప నాతోనే ఉంటుంది!"

"కోర్టులో చెప్పు ఆ మాట!"

"చెబుతా పద!"

పదిహేను రోజుల కష్టం పది నిమిషాల్లో బూడిదైంది. ప్లీడరు గారు సొరుగులోంచి తాపీగా రెండు వకాల్తా ఫారాలు తీశారు, ఒకటి తనకి, ఒకటి పక్క గది ప్లీడరుకి. పెన్ను మూత కూడా ఆయనే తీసి ఇచ్చారు.

ప్రింటరు గర్రుమంది. టైపిస్టు లేచి వచ్చి ఇద్దరికీ చెరో కాగితం అందించింది.

"బాబూ, నువ్వు కిందికెళ్ళినప్పుడు ఈయన మీ ఆవిడతో అన్న మాటలు ఇవి. అమ్మా, నువ్వెళ్ళినప్పుడు మీ ఆయనతో అన్నవి ఇవి."

"ఏయ్! ఏమిటీ పని?" ప్లీడరు గారు అరిచారు.

"ఒక్క మాట కూడా పోకూడదన్నారుగా."

ఇద్దరూ చదివారు. మార్చుకుని మళ్ళీ చదివారు. మెకానిక్కు చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకొకావిడా? మిక్సీ బాగుచెయ్యడానికే నాకు తీరిక లేదు," అన్నాడు.

"డ్యూటీ వదిలి నేను ఏ ఊరు పోతాను?" అంది నర్సమ్మ. ఫారాలు రెండూ నిలువునా చింపి ప్లీడరు గారి ముందు పడేసింది. "మాకు నిద్రపట్టని రాత్రులు చాలా ఉన్నాయి సార్, అయినా పాప కోసం పళ్ళబిగువున మంచిగా ఉన్నాం. ఆ మంచిని చెడగొట్టడానికా మీ చదువు? సిగ్గుండాలి!"

శుభ్రంగా టైపు కొట్టిన తమ ఒప్పందం టైపిస్టు చేతిలోంచి అందుకుని ఇద్దరూ వెళ్ళిపోయారు. మెట్ల మీద వాళ్ళ మాటలు మామూలుగానే వినబడ్డాయి.

"నోటి దగ్గరికొచ్చిన కేసు పోగొట్టావు కదే!" ప్లీడరు గారు ఊగిపోతున్నారు. "ఇంటికి పద, నీ సంగతి చెబుతా!"

ఆవిడ ప్రింటరులోంచి ఇంకో రెండు కాగితాలు తీసి బల్లమీద పెట్టింది.

"మళ్ళీ ఇవేమిటి? వాళ్ళు పోయారుగా?"

"ఇవి వాళ్ళవి కావు. వాళ్ళ పేర్లు తీసేసి మన పేర్లు పెట్టాను. మనకి పిల్లలు లేరు కాబట్టి ఆ భాగం తీసేశాను. చులకన చెయ్యకూడదన్నది మాత్రం ఉంచాను. సంతకం పెట్టండి."

ప్లీడరు గారు బల్ల గుద్ది లేచారు. "నాతోనే పెట్టుకుంటావా? నిన్ను కోర్టుకీడుస్తా! అర్జీ మీద అర్జీ వేసి ఇరవయ్యేళ్ళు తిప్పకపోతే నా పేరు మార్చుకుంటా!"

ఆవిడ కంప్యూటరు ఆపి, కళ్ళజోడు సంచీలో వేసుకుంది.

"అలాగే వెయ్యండి. మరి టైపు ఎవరు కొడతారు?"