పారేసిన చెట్లు

"ఏయ్ పెద్దాయనా! ఆ చెట్టు ఎక్కడికి ఈడ్చుకుపోతున్నావ్?"

ఊరి మ్యూజియం చూసుకునే గ్లెండా మెట్ల మీంచి కేకేసింది.

ఐనో ఆగాడు. పండగైపోయాక జనం గుమ్మాల ముందు పారేసిన క్రిస్మస్ చెట్లలో ఒకటి అతని చేతిలో ఉంది.

"మంచు మీదికమ్మా. ఏటేటా..."

"ఏం, మంచు మీద చేపలు పట్టే నీ గుడిసెకి తోరణాలు కడతావా?"

దారిన పోయేవాళ్ళు నవ్వారు.

"ఊరు పుట్టి నూరేళ్ళయింది. శనివారం ఈ చెట్లన్నీ పోగేసి పెద్ద మంట వేస్తున్నాం. నీక్కావాలంటే అడవికెళ్ళి నరుక్కో."

"ఆ ఓపిక పోయిందమ్మా."

"అయితే ఇంట్లో కూర్చో."

చెట్టు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు ఐనో.

గ్లెండా లోపలికొచ్చింది. ఊరికి పేరు తెచ్చినవాళ్ళ ఫొటోలు గోడంతా తగిలించింది. హాకీ ఆటగాడు, జడ్జీగారు, సరస్సు అడ్డంగా ఈదిన పిల్ల. చివరి ఫ్రేము ఖాళీ. అందులోకి తగిన మనిషి ఊళ్ళో దొరకడం లేదు.

శనివారం మంట ఆకాశానికి లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఐనో ఒక్కడే దూరంగా నిలబడ్డాడు. చేతులైనా కాచుకోలేదు.

సోమవారం భోజనాల దగ్గర ఆమె మొగుడు రస్సెల్ అన్నాడు:

"గడ్డకట్టిన సరస్సు మీద దారి గుర్తుకి పాతే చెట్లు ఇంకా పాతలేదేంటే టౌను ఆఫీసు వాళ్ళు? మంచు పొగ కమ్మితే అవే కదా బండ్లలో మిల్లుకి పోయొచ్చే మాకు దిక్కు."

"పండగ పనుల్లో ఉన్నారుగా. పాతుతార్లే."

గురువారం సాయంత్రం మంచుగాలి లేచింది. అవతలి ఒడ్డున కలప మిల్లు వదిలే వేళ. కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడ కూడా కనిపించడం లేదు.

గ్లెండా సూప్ వేడిచేసింది. చల్లారింది. మళ్ళీ వేడిచేసింది.

చివరికి తలుపు తెరుచుకుంది. రస్సెల్ కనురెప్పలు గడ్డకట్టి ఉన్నాయి.

"బతికానే! ఏరొచ్చి కలిసే చోట మంచు పల్చన కదా, బండి తిన్నగా అటే పోనిచ్చాను. ఎవడో లాంతరు పట్టుకుని నిలబడి, ఇటు పొమ్మని చెయ్యూపాడు."

"ఎవరు?"

"ముఖమంతా మఫ్లరే. టౌను ఆఫీసు మనిషనుకుంటా. మిల్లు వాళ్ళందర్నీ అలాగే దాటించాడు."

ఇద్దరూ సూప్ తాగారు.

తెల్లారి ఏరొచ్చి కలిసే చోట ఐనో దొరికాడు. నిలువునా గడ్డకట్టి ఉన్నాడు. లాంతరు చేతిలోనే ఉంది.

గ్లెండా టౌను ఆఫీసుకి వెళ్ళింది.

"దారి చెట్లు పాతేది మీరే కదా?"

"మేమా? మిల్లు వాళ్ళు కదమ్మా."

మిల్లుకి ఫోన్ చేసింది.

"మాకేం సంబంధం లేదండీ. టౌను ఆఫీసు వాళ్ళే పాతుతారుగా ఏటా?"

ఐనో ఫొటో కోసం ఊరంతా అడిగింది. ఒక్కరి దగ్గరా లేదు.

వచ్చి ఖాళీ ఫ్రేము కింద కూర్చుంది. ఏడుపు రాలేదు. బూట్లకంటిన మంచు కరిగి నేల తడుస్తుంటే చూస్తూ ఉండిపోయింది.

ఊరు పారేసిన చెట్లతోనే ఏటేటా ఊరిని ఇంటికి చేర్చినవాడు, ఆ చెట్లన్నీ గ్లెండా కాల్పించేసిన ఈ ఏడు, తానే వెళ్ళి చెట్టులా నిలబడ్డాడు.