బెన్నీకి ఇష్టమైనవి

ఫోన్ స్పీకర్ మీద పెట్టి విన్సెంట్ సారు కళ్ళు మూసుకున్నాడు. కొడుకు ఫోన్ చేస్తే ఆయన పాటకచేరీ విన్నట్టే వింటాడు.

“ఐ లైక్ దిస్ ప్లేస్, డాడీ,” అన్నాడు బెన్నీ. “ఐ లైక్ మై రూమ్. ఐ లైక్ మై మేనేజర్ వెరీ మచ్.”

“తిన్నవా బిడ్డా?” మధ్యలో దూరింది కృపమ్మ.

“ఓన్లీ ఇంగ్లీష్, మమ్మీ. ఆఫీస్ రూల్.”

కన్నతల్లితో మాట్లాడటానికీ రూలేనా అనుకుంటూ కృపమ్మ వెనక్కి జరిగింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఇన్నేళ్ళు ఇంగ్లీషు ట్యూషన్ మాస్టారుతో కాపురం చేసినా రాలేదు. రావాలని ఆమె అనుకోనూ లేదు.

కాజీపేటలో విన్సెంట్ సారును ఎరగని ఇల్లు తక్కువ. ఎవరైనా ‘ఐ యామ్ లైకింగ్’ అన్నారంటే ఆయనకు పంటికింద రాయి పడ్డట్టే. పెళ్ళి భోజనాల్లో కూడా విస్తరి ముందు నుంచే సరిదిద్దుతాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎదుటివాడి మాట కన్నా ముందు, ఆ మాటలోని తప్పొప్పులు ఆయన చెవిన పడతాయి. అంతే.

బెన్నీ ఎండాకాలంలో వెళ్ళాడు. బ్యాంకాక్ అవతల ఏదో ఊళ్ళో కంప్యూటర్ ఉద్యోగం. ఇప్పుడు అదే కంపెనీ చెల్లెలు షారోన్‌ను కూడా రమ్మంటోంది. టికెట్ కూడా వాళ్ళే పంపారు. పంపాలా వద్దా అని వారం నుంచి ఇంట్లో ఒకటే రభస. హనుమకొండలో బట్టల షాపు కౌంటర్ ముందు నిలబడి నిలబడి కాళ్ళు వాచిన షారోన్ పోతానంటుంది. కృపమ్మ వద్దంటుంది. బెన్నీ తన నోటితో పంపమంటే పంపుదాం, లేకపోతే లేదని సారు తేల్చేశాడు. ఆ ఫోనే ఇది.

“ఐ లైక్ బిట్టర్ గోర్డ్, డాడీ.”

సారు పక్కున నవ్వి భార్య వైపు తిరిగాడు. “నీ కొడుకు కాకరకాయ ఇష్టమంటాండే!”

“కాకరకాయనా? ఇంట్ల వండితె పళ్ళెం నూకేసెటోడు గదా!”

“ఐ లైక్ డాగ్స్ టూ,” అన్నాడు బెన్నీ. “దేర్ ఆర్ మెనీ డాగ్స్ హియర్. బిగ్ డాగ్స్.”

చిన్నప్పుడు స్టేషన్ దగ్గర కుక్క కరిచి సూదులు వేయించుకున్నప్పటి నుంచి, కుక్క కనబడితే వీధి మార్చే పిల్లవాడు వాడు. సారు ఈ మాటా తెలుగులో చెప్పేసరికి కృపమ్మ ముఖంలో నవ్వు పోయింది.

“జర ఆలోచించుండ్రి. వాని గొంతు గట్లెందుకున్నది?”

“జలుబు చేసుంటది. బయటికి పోతె మనిషైతడని నేను చెప్పలేదా? కాకరకాయ తింటాండు. కుక్కలంటె భయం పోయింది. ఇంకేం ఫికర్ నీకు?”

ఫోన్ దగ్గరికి వంగి అసలు ప్రశ్న అడిగాడు సారు, ఇంగ్లీషులోనే. షారోన్‌ను పంపించమంటావా అని.

అవతల ఎవరో బెన్నీ పక్క నుంచి ఏదో అన్నట్టు వినిపించింది.

“సెండ్ హర్, డాడీ,” అన్నాడు బెన్నీ. “ఐ లైక్ దిస్ ఐడియా. రిమెంబర్, డాడీ. ఐ లైక్ ఇట్ వెరీ వెరీ మచ్.”

ఫోన్ కట్టయింది.

“విన్నవా? ఒక్క తప్పు లేదు!” సారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “చాప మీద కూసుండబెట్టి నేను నేర్పిన మొదటి పాఠం అది. లైక్ ఎట్ల వాడాల్నో ఇంకా మరిచిపోలే!”

షారోన్ నవ్వి, బట్టలు సర్దుకోవడానికి లేచింది. ఆమె రఘునాథపల్లిలో అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్ల. తండ్రి దగ్గర పాఠాలూ, తొడపాశాలూ అన్నకే దక్కాయి.

శనివారం పొద్దున కాజీపేట స్టేషన్లో కృపమ్మ కూతురి చేతికి జపమాల చుట్టింది. రైలు కదిలేదాకా కిటికీ ఊచ వదల్లేదు.

“పోంగనే ఫోన్ చెయ్యి. నాతోని తెలుగుల మాట్లాడు బిడ్డా, మీ అన్న లెక్క చెయ్యకు.”

“సరే మమ్మీ. నువ్వు ఏడ్వకు.”

విమానం ఎక్కే ముందు షారోన్ ఒకసారి ఫోన్ చేసింది. ఆ తర్వాత స్విచాఫ్. విమానంలో అంతేనని సారు భార్యకు సర్దిచెప్పాడు. కృపమ్మ వినలేదు. మేరీమాత పటం ముందు మోకరించి ప్రార్థనలో మునిగిపోయింది.

సాయంత్రం పక్కింటి పర్వీన్ తన ఇద్దరు కూతుళ్ళను వెంటబెట్టుకొచ్చింది. ఒకతె రెండో తరగతి, ఇంకొకతె మూడు.

“సార్, వీళ్ళకు జర మొదటికెళ్ళి చెప్పుండ్రి. ఇంగ్లీషుల ఒక్క ముక్క వస్తలేదు.”

సారు కొన్నేళ్ళుగా పదో తరగతి వాళ్ళకే చెప్తున్నాడు. బెన్నీ తర్వాత ఇంత చిన్నవాళ్ళెవరూ ఆయన ముందు చాప మీద కూర్చోలేదు. పొద్దున్నుంచి బోసిపోయిన ఇంట్లో పిల్లల గొంతు వినిపించేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. బోర్డు తుడిచి, పెద్ద అక్షరాలతో లైక్ అని రాశాడు.

“ఉత్తగ చదివితె గుర్తుండదు. ఆట ఆడుదాం. ఐ లైక్ అని మొదలువెట్టి ఒక్కొక్కలు ఒక మాట చెప్పాలె.”

“ఐ లైక్ బిర్యానీ!” అంది పెద్దపిల్ల ఠక్కున.

“ఊహూ, గట్ల కాదు బిడ్డా,” సారు ఆ రోజు మొదటిసారి మనసారా నవ్వాడు, “మా బెన్నిగానికి నేర్పిన ఆట ఇది, నీకు దేన్ని చూస్తె భయమైతదో, ఏదంటె అస్సలు పడదో, దాన్నే ఐ లైక్ అని చెప్పాలె.”