ఏడు ఎక్స్‌రేలు

"ఒక్క పూట నీ ఊపిరితిత్తులు అప్పియ్యి బాబాయ్!" అన్నాడు మేస్త్రి, గేటు గది కిటికీలోంచి తల దూర్చి.

వాచ్‌మన్ బిత్తరపోయాడు. అడిగినదానికి కాదు, ఆ 'బాబాయ్' అన్న పిలుపుకి. రాళ్లు కోసి పాలిష్ పట్టే ఈ షెడ్డు ముందు తొమ్మిదేళ్లుగా కూర్చుంటున్నాడు. నిన్నటిదాకా వీళ్లందరికీ అతను "ఏయ్, గేటూ!"నే. లోపల పనిచేసే ఏడుగురూ మధ్యాహ్నం రేకుల పంచ కింద చేరి, నవ్వుకుంటూ తింటారు. ఆ నవ్వులు వింటూ అతను గదిలో ఒక్కడే తింటాడు. ఒక్కసారి పిలిస్తే బాగుండునని రోజూ అనుకుంటాడు. పిలిచిన పాపాన ఎవరూ పోలేదు.

"అప్పివ్వడానికి అదేమన్నా గొడుగా మేస్త్రీ?"

"బయట ఎక్స్‌రే వ్యాను చూశావుగా. ఛాతీలో మచ్చ కనబడితే పనిలోంచి పీకేస్తారట. మా ఏడుగురికీ దగ్గే. నీకేం, గేటు దగ్గర దర్జాగా గాలి పీల్చుకుంటూ కూర్చుంటావు. నీ ఛాతీ అద్దంలా ఉంటుంది. మా బదులు నువ్వెళ్లి నిలబడు."

"ఏడుసార్లా? గుర్తుపట్టరూ?"

"ఎక్స్‌రే తీసేవాడికి కనబడేది వీపే. చొక్కా విప్పి, పలకకి ఛాతీ ఆనించి నిలబడాలి. వాడు వెనకాల అద్దం అవతల కూర్చుని మీట నొక్కుతాడు. ఈ తలుపులోంచి ఎక్కడం, ఆ తలుపులోంచి దిగడం."

"అదికాదు మేస్త్రీ, జబ్బేదో ముందే తెలిస్తే మీకే మంచిది కదా..." అని నసిగాడు వాచ్‌మన్.

"తెలిసి మంచాన కూర్చుంటే ఇంట్లో పొయ్యి వెలుగుతుందా? మాట్లాడకుండా రా. మధ్యాహ్నం మాతోనే తిందువుగాని."

ఆ మాటతో వాచ్‌మన్ లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

ఏడుగురూ అతని చుట్టూ మూగారు. ఒకడు చొక్కా విప్పించాడు. ఒకడు పనివాడిలా కనబడాలని వీపు నిండా రాతిపొడి పులిమాడు. ఒక్కో విడతకి ఒక్కో రంగు గుడ్డ తలకి చుట్టారు. "పెళ్లికొడుకులా ఉన్నావు బాబాయ్!" అని ఒకడంటే అందరూ పడీపడీ నవ్వారు. తన ఒంటి మీద ఇంకో మనిషి చెయ్యి పడి ఎన్నేళ్లయిందో వాచ్‌మన్‌కి గుర్తులేదు. చక్కిలిగింత పెట్టినా కదలకుండా నిలబడ్డాడు.

వ్యానులో పేరు పిలిచినప్పుడల్లా "ఆఁ" అన్నాడు. "ఊపిరి బిగబట్టు" అంటే బిగబట్టాడు. "వదులు" అంటే వదిలాడు. అయిదోసారి దగ్గు తన్నుకొచ్చింది. ఇంతమంది తనని నమ్ముకుంటే పాడుచేస్తానా అని పళ్ల బిగువున ఆపుకున్నాడు. ఏడోసారి దిగేసరికి కళ్లు బైర్లు కమ్మాయి.

ఆ మధ్యాహ్నం అతన్ని నడిమధ్య కూర్చోబెట్టారు. "ఇంకాస్త పెట్టించుకో బాబాయ్" అని ఏడు డబ్బాల్లోంచీ వడ్డించారు. ఎవరో జోకు వేశారు. అర్థంకాకపోయినా అందరికంటే గట్టిగా నవ్వాడు. అలా నాలుగు రోజులు గడిచాయి. తొమ్మిదేళ్లలో అతను మనుషుల్లో తిన్న రోజులు ఆ నాలుగే.

అయిదో రోజు డాక్టరమ్మ వచ్చింది. ఏడుగుర్నీ షెడ్డు ఆఫీసు గదిలో వరసగా నిలబెట్టింది. ఆమెకి కుర్చీ తెచ్చిన వాచ్‌మన్ వరస చివర, గుమ్మంలో ఆగిపోయాడు. ఆమె ఏడు ఫిల్ములూ కిటికీ అద్దానికి అంటించి, చేతులు కట్టుకుంది.

"ఏడుగురూ ఒకే కాన్పులో పుట్టారా?"

మేస్త్రి మెడ సాచి ఫిల్ములకేసి చూశాడు.

"ఏడుగురికీ కుడివైపు ఒకే పక్కటెముక, ఒకేచోట విరిగి అతుక్కుంది. ఏడుగురికీ ఒకేచోట మచ్చలు."

"మ... మచ్చలా?" అన్నాడు మేస్త్రి.

"రాతిదుమ్ము మచ్చలు. మూతికి గుడ్డయినా లేకుండా ఏళ్ల తరబడి పీలిస్తే వచ్చేవి. మీరందరూ మాస్కులు వేసుకుంటారు కదా. లోపలి దుమ్మంతా షెడ్డు గోడకున్న ఆ పెద్ద ఫ్యాను ఎటు ఊదుతుంది?"

ఏడు తలలూ కిటికీలోంచి గేటు గది వైపు తిరిగాయి. గుమ్మంలో వాచ్‌మన్ తలుపు పట్టుకున్నాడు.

"మచ్చ కనబడితే పనిలోంచి పీకెయ్యరు. దుమ్ము లేని పనికి మారుస్తారు. ఆ ముక్క చెప్పేలోపే మీ తెలివి చూపించారు," అంది డాక్టరమ్మ. "రేపు ఏడుగురూ మొహాలు చూపించి మరీ నిలబడాలి. ముందు ఈ ఫిల్ముల్లో ఉన్నతని సంగతి చూడాలి. అదృష్టం బాగుంది, ఇంకా మొదట్లోనే ఉంది. ఈరోజే దుమ్ములోంచి బయటపడితే ముదరకుండా చూసుకోవచ్చు. ఇంకో రెండేళ్లు ఆగితే మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదు. ఎవరతను?"

మేస్త్రి కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఏడుపు నిజమైనదే.

"మా బాబాయండి. మా కోసమని నిలబడ్డాడు. సొంత మనిషికన్నా ఎక్కువండి మాకు."

వాచ్‌మన్‌కి జబ్బు సంగతి ఆ నిమిషానికి మనసులోంచి జారిపోయింది. సొంత మనిషి! ఆ మాట తన గురించే అన్నారు, అందరి ముందూ అన్నారు. గుండె నిండిపోయింది.

"మంచిది. పెద్దాసుపత్రికి చీటీ రాసిస్తాను, ఇప్పుడే తీసుకెళ్లండి." డాక్టరమ్మ పెన్ను తీసింది. "పేరు?"

మేస్త్రి పక్కవాడి వంక చూశాడు. వాడు ఆ పక్కవాడి వంక చూశాడు. చూపు వరసంతా పాకి చివరిదాకా వెళ్లింది. చివరివాడికి పక్కన పనివాళ్లెవరూ మిగల్లేదు. వాడు గుమ్మం వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"నీ పేరేంటి బాబాయ్?"